ఏలికపాములకు వూమెయ్ గుళికలు: చంపే మందా, శాంతింపజేసే మందా?

వనమూలిక (ప్రశ్న)

చైనా సంప్రదాయ వైద్యంలో కడుపులో పురుగులకు చేసే చికిత్స మీద విద్యార్థులకు పాఠం తయారు చేస్తున్నాను. ఏలికపాముల దగ్గరికి వచ్చేసరికి అందరూ మొదట చెప్పేది వూమెయ్ వాన్, అంటే వూమెయ్ గుళికలు. చూస్తే అందులో ప్రధాన ద్రవ్యం వూమెయ్, అంటే పొగబెట్టి నల్లగా చేసిన పుల్లటి ప్లమ్ కాయ. మిగతా తొమ్మిదిలో శొంఠి, ఫూజి (విషమున్న వత్సనాభి జాతి దుంప) లాంటి వేడి చేసేవీ ఉన్నాయి, హ్వాంగ్‌లియన్, హ్వాంగ్‌బాయ్ లాంటి చేదు చలవ మూలికలూ ఉన్నాయి. పురుగును చంపేదని పేరున్న మూలిక ముఖ్యస్థానంలో ఒక్కటీ కనబడదు. నా సందేహాలు ఇవి.

ఈ గుళిక నిజంగా పురుగును చంపుతుందా? చంపకపోతే ఏలికపాము నొప్పికి ఇదే మొదటి మందు ఎందుకైంది? వేడీ చలవా ఒకే ఉండలో ఎందుకు? బద్దెపురుగుకు గుమ్మడి గింజలూ వక్కా కలిపి ఇవ్వడం వెనక ఏముంది? కొన్నిటిని కషాయం కాచమంటారు, కొన్నిటిని పచ్చి పొడిగానే మింగమంటారు, దానికేమైనా సూత్రం ఉందా? కంటి తెల్లగుడ్డు మీద నీలి మచ్చలు, నిద్రలో పళ్లు కొరకడం లాంటి లక్షణాలను ఎంతవరకు నమ్మవచ్చు?

పాతపుటలు

వనమూలిక గారూ, మీ మొదటి సందేహానికి మూలపాఠంలోనే జవాబుంది. ఈ గుళికలు మొదట కనిపించేది జ్వరాల మీద మూడో శతాబ్దం తొలినాళ్లలో వచ్చిన చైనా వైద్య గ్రంథం షాంగ్‌హన్ లున్‌లో. దాన్ని రాసిన జాంగ్ జోంగ్‌జింగ్ అక్కడ పురుగును చంపమని ఎక్కడా అనలేదు. రోగి ఎలా ఉంటాడో చెప్పాడు: నెమ్మదిగా ఉన్నవాడు ఉన్నట్టుండి తల్లడిల్లుతాడు, కాసేపటికి సద్దుమణుగుతుంది. తిండి తినగానే వాంతి, మళ్లీ తల్లాట. ఒక్కోసారి ఆ వాంతిలో ఏలికపామే వచ్చి పడుతుంది. కాళ్లూ చేతులూ చల్లబడతాయి. ఈ స్థితికి పెట్టిన పేరు హుయ్‌జ్యూ. హుయ్ అంటే ఏలికపాము, జ్యూ అంటే కాళ్లూ చేతులూ చల్లబడి పడిపోవడం.

కారణం ఆయన లెక్కలో ఇది: పేగుల్లో చలువ చేరింది, పురుగు వెచ్చదనం వెతుక్కుంటూ ఛాతీ వైపు ఎగబాకింది, తిండి వాసన తగలగానే కదిలింది. కింద చలువ, పైన వేడి. అందుకే మందులోనూ రెండూ ఉన్నాయి. వేడి చేసేవి పేగును వెచ్చబరిచి పురుగును దాని చోటికి రప్పించడానికి, చేదు ద్రవ్యాలు పైనున్న వేడిని దించి పురుగును కిందికి తోయడానికి. చింగ్ వంశకాలపు ఒక వ్యాఖ్యాత దీన్ని మూడు ముక్కల్లో చెప్పాడు: పులుపు తగిలితే ఏలికపాము కదలదు, ఘాటు తగిలితే అణగి ఉంటుంది, చేదు తగిలితే కిందికి పోతుంది. మీ పాఠంలో ఈ మాట తప్పక పెట్టండి. పది ద్రవ్యాల అమరిక అంతా అందులో ఉంది.

ఇక పాళ్లు. వూమెయ్ కాయలు లెక్కలో 300. మిగతావి తూకంలో: హ్వాంగ్‌లియన్ 16 లియాంగ్‌లు, శొంఠి 10, షీషిన్, ఫూజి, చైనా దాల్చిన కొమ్మలు, జిన్సెంగ్, హ్వాంగ్‌బాయ్ ఒక్కొక్కటి 6, దాంగ్‌గ్వే, సిచువాన్ మిరియం ఒక్కొక్కటి 4. మొత్తం 64 లియాంగ్‌లు. అందులో వేడి చేసే ఐదూ (శొంఠి, షీషిన్, ఫూజి, దాల్చిన, మిరియం) కలిపితే 32, అంటే సరిగ్గా సగం. చేదు చలవ రెండూ 22. జిన్సెంగ్, దాంగ్‌గ్వే కలిసి 10, అవి రోగి బలానికి. హ్వాంగ్‌లియన్ ఒక్కటే 16 ఉండటం చూసి ఇది చలవ మందు అనుకునేవాళ్లు ఉన్నారు. కూడి చూస్తే మొగ్గు వేడి వైపే. నాటి లియాంగ్ సుమారు 14, 15 గ్రాములు కాబట్టి పొడి మొత్తం కిలోకి కాస్త తక్కువ.

తయారీ కూడా మూలంలో వివరంగా ఉంది. కాయలను వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టాలి. గింజ తీసేయాలి. ఐదు దౌల బియ్యం, అంటే సుమారు పది లీటర్ల కొలత, పైన పోసి ఆవిరి పట్టాలి. అన్నం ఉడికేసరికి కాయ గుజ్జవుతుంది. దాన్ని మెత్తగా నూరి, విడిగా దంచి జల్లించిన తొమ్మిది ద్రవ్యాల పొడిలో కలిపి, తేనె పోసి రోట్లో రెండు వేల పోట్లు దంచాలి. చిన్న బఠానీ గింజంత గుళికలు చేయాలి. భోజనానికి ముందు పది చొప్పున రోజుకు మూడుసార్లు, తర్వాత మెల్లగా ఇరవై దాకా. పచ్చివి, చల్లనివి, జారుడు పదార్థాలు, నీచు వాసన వేసేవి తినకూడదు.

ఎక్కువగా చెడేది రెండు చోట్ల. గింజ తీయకముందే కాయలు తూచి పాళ్లు వేస్తే గుజ్జు బాగా తగ్గి పులుపు చాలదు. నేటి తయారీ పద్ధతుల్లో వూమెయ్ గ్రాముల్లో రాసి ఉంటే అది గింజతోనా, గింజ తీసాకా అన్నది ముందు చూసుకోవాలి. రెండోది దంచుడు. రెండు వేల పోట్లు అన్నది ఊరికే రాసిన అంకె కాదు. పీచు పొడి, జిగట గుజ్జు, తేనె మూడూ ఏకమయ్యేదాకా దంచకపోతే గుళిక ఎండాక పగుళ్లిచ్చి పొడిపొడిగా రాలుతుంది. అప్పుడు ఒక గుళికలో పులుపు ఎక్కువ, ఇంకోదాంట్లో ఫూజి ఎక్కువ. ఫూజి ఉన్న మందులో అలా జరగడం ప్రమాదం.

సూక్ష్మదర్శిని

పైన పాతపుటలు గారు రాసిన రోగి వర్ణనను పరాన్నజీవుల శాస్త్రం వైపు నుంచి చదివితే చాలా స్పష్టమైన బొమ్మ కనిపిస్తుంది. ఉన్నట్టుండి మెలిపెట్టే నొప్పి, మధ్యలో ఏమీ లేనట్టు ఉండటం, తినగానే మళ్లీ రావడం, వాంతిలో పురుగు: ఇది ఏలికపాము పిత్తనాళంలోకి దూరినప్పటి తీరు. తల దూర్చినప్పుడు నాళపు మూతి కండరం బిగుసుకుంటుంది, నొప్పి. వెనక్కి వస్తే ఉపశమనం. తిన్నప్పుడు పైత్యరసం కోసం నాళం తెరుచుకుంటుంది, పురుగు మళ్లీ దూరుతుంది.

ఇప్పుడు "కదలకుండా చేయడం" ఎందుకు ముఖ్యమో చూడండి. బద్దెపురుగుకు పేగు గోడను పట్టుకోవడానికి చూషకాలు ఉంటాయి. కొంకి పురుగుకు నోట్లో పళ్లో పలకలో ఉంటాయి. ఏలికపాముకు అవేవీ లేవు. పేగు కిందికి తోస్తుంటే అది ఎదురీదుతూ తన చోట నిలబడుతుంది, ఆ ఈతే దాని పట్టు. కండరం సడలితే చాలు, చావకపోయినా పేగు దాన్ని బయటికి గెంటేస్తుంది. ఆధునిక మందుల్లో పిపరజీన్ చేసేది అదే. పురుగు కండరాన్ని మెత్తగా సడలిస్తుంది. పైరాంటెల్ అందుకు వ్యతిరేకం, కండరాన్ని బిగదీసి పక్షవాతం తెస్తుంది. ఆల్బెండజోల్ దారి వేరు, పురుగు కణాల్లోని ప్రొటీన్ ట్యూబ్యులిన్‌ను పట్టుకుని అది చక్కెర పీల్చుకోకుండా చేసి రోజుల మీద చంపుతుంది. పురుగులు ముద్దగా చుట్టుకుని పేగు అడ్డుపడ్డ రోగికి ఒకప్పుడు పిపరజీన్‌నే ఎంచుకునేవారు, కారణం సడలిన పురుగుల ముద్ద జారిపోతుందని.

కాబట్టి వూమెయ్ గుళికను పిపరజీన్ ఆలోచన పక్కన పెట్టి చదవాలి, ఆల్బెండజోల్ పక్కన కాదు. అయితే బలంలో రెండూ సమానమని దీని అర్థం కాదు. చైనా వైద్యులు దీన్ని కషాయంగా పిత్తనాళపు ఏలికపాముకు విస్తారంగా వాడారు. వాళ్లిచ్చిన వివరణ: పులుపు పైత్యరసం స్రావాన్ని పెంచి, నాళపు మూతిని సడలించి పురుగు వెనక్కి రావడానికి దారి ఇస్తుందని. పురుగు మందుల్లో చాలావరకు పైత్యరసంలోకి సరిపడా చేరవు. నాళంలో ఉన్న పురుగు పేగులోకి తిరిగి వస్తేనే మందు దానికి తగులుతుంది. మామూలు ఆసుపత్రి చికిత్సలో కూడా మొదట నొప్పి తగ్గించి, సెలైన్ ఎక్కించి, పురుగు తనంతట తాను బయటికి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండేది అందుకే.

జ్వరం, మత్తుమందు, చాలీచాలని మోతాదు పురుగు మందు ఏలికపాములను రెచ్చగొట్టి అడ్డదారులు పట్టిస్తాయి. తెలిసిన సంగతే. "నొప్పి ఉన్నప్పుడు తరమకు, ముందు శాంతింపజెయ్యి" అన్న పాత నియమానికి బలం ఇక్కడుంది.

ఏ మూలిక కోసమూ ఆగకూడని గుర్తులు: నొప్పి మధ్యలో విడవకుండా నిలిచిపోవడం, చలితో జ్వరం, కళ్లు పచ్చబడటం, కడుపు గట్టిపడటం, గాలీ మలమూ ఆగి పచ్చటి వాంతులు. వీటిలో ఏది ఉన్నా అది నాళంలో చీము, క్లోమం వాపు, లేదా పేగు అడ్డుపడటం కావచ్చు. వెంటనే ఆసుపత్రి. అల్ట్రాసౌండ్‌లో నాళం లోపల రైలుపట్టాల్లా రెండు సమాంతర తెల్ల గీతలు కనిపిస్తే అది పురుగే. కొన్ని వారాలైనా బయటికి రాకపోయినా, లోపలే చచ్చినా ఎండోస్కోపీతో తీయాలి. చచ్చిన పురుగు ముక్కల చుట్టూ రాళ్లు కడతాయి.

వనమూలిక

చాలా స్పష్టంగా ఉందండీ. అయితే శాంతింపజేశాక తరిమేది ఎప్పుడు, దేనితో? పొడి, కషాయం సంగతి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

కల్వం

నొప్పి పూర్తిగా పోయాక, ఒకటి రెండు రోజులు నెమ్మదించాక తరమాలి. చైనా పద్ధతిలో క్రమం మూడు మెట్లు: శాంతింపజేయడం, తరమడం, తర్వాత జీర్ణశక్తిని నిలబెట్టడం. మూడోది చాలామంది వదిలేస్తారు. తరిమే మూలికలు అన్నీ కాస్తో కూస్తో కడుపును దెబ్బతీసేవే. వాళ్ల మాటల్లో ప్లీహం బలహీనపడితే తేమ చేరుతుంది, తేమ చేరితే పురుగు మళ్లీ నిలుస్తుంది.

ఏలికపాముకు తరిమే మందుల్లో పిల్లలకు ఎక్కువగా వాడింది షీజున్‌జి, అంటే మన రాధామనోహరం గింజ. లోపలి పప్పును దోరగా వేయించి, బాగా నమిలి మింగాలి. వయసు ఏడాదికి ఒకటి లేదా ఒకటిన్నర గింజ, రోజుకు మొత్తం ఇరవై మించకూడదు. పెద్దలకు 9 నుంచి 12 గ్రాములు. పరగడుపున, వరుసగా రెండు మూడు రోజులు. ఎక్కువైతే మొదట వచ్చేది ఎక్కిళ్లు, తర్వాత తల తిరగడం, వాంతి. చిక్కటి టీతో కలిసినా ఎక్కిళ్లు వస్తాయి, అందుకే ఆ రోజుల్లో టీ వద్దంటారు. ఇందులో పనిచేసేది క్విస్క్వాలిక్ ఆమ్లం. అది నాడీకణాలను ఉత్తేజపరిచే అమైనో ఆమ్లం కాబట్టి ఎక్కిళ్లూ తలతిప్పూ ఎందుకో వేరే చెప్పక్కరలేదు. మోతాదు మీద చేయి బిగించి ఉండాల్సింది కూడా అందుకే.

రెండోది కులియన్‌పి, తురక వేప జాతి చెట్టు బెరడు. పైనున్న గరుకు పొర తీసేసి లోపలి బెరడు మాత్రమే వాడాలి. మోతాదు 3 నుంచి 6 గ్రాములు. ఇది షీజున్‌జి కంటే గట్టిది, అంతకంటే ప్రమాదకరమైనది. ఇందులోని టూసెండనిన్ నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని ఆపుతుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పైగా శరీరంలో పేరుకుంటుంది. వెంటవెంటనే మళ్లీ ఇవ్వకూడదు. కాలేయ జబ్బు ఉన్నవాళ్లకూ గర్భిణులకూ అసలే వద్దు. పాఠంలో దీన్ని చరిత్రగా చెప్పండి, వాడుకగా చెప్పకండి. ఒక్క 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర చేసే పనికి ఈ బెరడుతో సాహసం చేయడంలో అర్థం లేదు.

ఇక పొడి, కషాయం. సూత్రం ఉంది, చాలా సూటిది: పనిచేసే పదార్థం నీటిలో కరుగుతుందా, వేడికి నిలుస్తుందా అన్నదే. మూడు ఉదాహరణలు చాలు.

లెయ్‌వాన్ అనేది వెదురు వేళ్ల దగ్గర నేలలో పెరిగే ఒక శిలీంధ్రపు గడ్డ. బద్దెపురుగుకు వాడతారు. పనిచేసేది ప్రొటీన్‌ను కరిగించే ఎంజైమ్. 60 డిగ్రీల దగ్గరే అది చెడిపోతుంది. కాచి తాగితే వట్టి నీళ్లు తాగినట్టే. అందుకే మెత్తటి పొడి, ఒక్కో మారు 5 నుంచి 7 గ్రాములు, కాచి పూర్తిగా చల్లార్చిన నీళ్లలో కలిపి, రోజుకు మూడుసార్లు, మూడు రోజులు. నీళ్లు గోరువెచ్చగా ఉన్నా ఫరవాలేదు కదా అని వేడివేడిగా కలిపేవాళ్లు మందును గ్లాసులోనే చంపుతున్నారు. పొడి చేసేటప్పుడు కూడా మిక్సీ జార్ కాలేలా తిప్పకూడదు. ఆపి ఆపి తిప్పాలి.

హెత్సావ్‌యా, అంటే అగ్రిమొనీ మొక్క వేరు మీద చలికాలంలో వచ్చే తెల్లటి మొగ్గ. ఇందులోని అగ్రిమోఫాల్ నీటికి లొంగదు. దాదాపు కరగదు. ఎంత కాచినా పిప్పిలోనే ఉండిపోతుంది. కాబట్టి పొడిగానే 30 నుంచి 45 గ్రాములు, తెల్లవారుజామున పరగడుపున.

వక్క అందుకు పూర్తిగా వేరు. దీన్లోని అరెకోలిన్ నీటిలోకి దిగుతుంది, కాబట్టి కషాయం. ముక్కలు పలచగా ఉండాలి. ముందు కొన్ని గంటలు నాననివ్వాలి, తర్వాత సన్నటి మంట మీద గంటసేపు కాచాలి. మందపాటి ముక్కలైతే నడిమి భాగం నానదు, సారం సగమే వస్తుంది. చల్లార్చి తాగాలి, వేడిగా తాగితే వాంతి ఎక్కువ.

పాతపుటలు

కల్వం గారు చెప్పిన సూత్రానికి అందరికీ తెలిసిన సాక్ష్యం మలేరియా వైపు నుంచి ఉంది. అది పేగు పురుగుల కోవ కాదు, చలిజ్వరం కింద, న్యూ అనే పేరుతో లెక్కవేశారు. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ చెప్పిన మందు తయారీ ఇలా ఉంటుంది: చింగ్‌హావ్ అనే మొక్క ఒక పిడికెడు, రెండు షెంగ్‌ల నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసమంతా తాగు. కాచమని లేదు. చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం మొదట వేడి చేసి తీసిన సారాలు ఒకసారి పనిచేసి ఇంకోసారి పనిచేయలేదు. ఆ వాక్యం దగ్గర ఆగి, 35 డిగ్రీలలోపే మరిగే ఈథర్‌తో తీసిన 191వ నమూనా 1971 అక్టోబర్ 4న ఎలుకల మలేరియాను నూటికి నూరు పాళ్లు అణచింది. అదే మలేరియా మందు ఆర్టెమిసినిన్ దారి, 2015లో నోబెల్. ఆ మాట చెప్పగానే విద్యార్థులు అయితే ఆకు టీ తాగవచ్చా అని అడుగుతారు. తాగకూడదు. టీలో మోతాదు చాలదు, చాలని మోతాదు నిరోధకతను పెంచుతుంది.

ఇంకో మాట, బద్దెపురుగు పేరు గురించి. 610లో వైద్యుడు చావ్ యువాన్‌ఫాంగ్ తొమ్మిది పురుగుల జాబితా ఇచ్చాడు. అందులో ఏలికపాము పొడవు ఒక చి, అంటే దాదాపు 30 సెంటీమీటర్లు. ఆడ ఏలికపాము 20 నుంచి 35 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి కొలత సరిపోయింది. అదే జాబితాలో తెల్లపురుగు ఒక ట్సున్, అంటే మూడు సెంటీమీటర్లే. బద్దెపురుగు మీటర్ల కొద్దీ ఉంటుంది కదా, మూడు సెంటీమీటర్లేమిటి అనిపిస్తుంది. వాళ్లు కొలిచింది మలంలో పడిన తెల్లటి తునకను. విడివిడిగా కదులుతూ కనిపించే ఆ తునకే వాళ్లకు పురుగు. అదే పేరు తర్వాత కాలంలో కూడా నిలిచింది. పాతకాలపు రోగ వర్ణనల్లో "అంగుళం తెల్లపురుగు" అని ఉంటే బద్దెపురుగుగా చదవండి.

సూక్ష్మదర్శిని

ఆ తునక దగ్గరే నా హెచ్చరిక. వనమూలిక గారూ, బద్దెపురుగుకు గుమ్మడి గింజలు, వక్క అని పాఠంలో రాసేముందు ఏ బద్దెపురుగో తేల్చుకోవాలని రాయండి.

మలంలో వచ్చిన తునకను రెండు గాజు పలకల మధ్య నొక్కి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడాలి. నడిమి కాడ నుంచి పక్కకు పోయే గర్భాశయపు కొమ్మలు ఒక్కో వైపు 7 నుంచి 13 ఉంటే పంది మాంసపు బద్దెపురుగు, 15 నుంచి 20 ఉంటే గొడ్డు మాంసపుది. తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు. పందిదాని గుడ్లు నోట్లోకి పోతే పిల్లదశ పురుగులు కండరాల్లో, మెదడులో తిత్తులు కడతాయి. వక్క కషాయం వాంతి తెస్తుంది, వాంతితో గుడ్లున్న తునకలు పైకి వస్తాయన్న భయం కూడా ఉంది. పందిదైతే, అందులోనూ మూర్ఛలు, ఆగని తలనొప్పి, చర్మం కింద గట్టి బుడిపెలు ఉంటే, ముందు మెదడు స్కాన్. తిత్తులున్నవాళ్లకు నేటి బద్దెపురుగు మందు ప్రాజిక్వాంటెల్ కూడా మూర్ఛ తెప్పించగలదు. అక్కడ ఆసుపత్రిలోనే అన్నీ.

మీ ప్రశ్నకు జవాబు: రెండూ ఎందుకంటే రెండూ పురుగు మీద వేర్వేరు చోట్ల పనిచేస్తాయి. గుమ్మడి గింజ ప్రధానంగా పురుగు నడిమి, వెనక భాగాలను మొద్దుబారుస్తుంది. వక్క తలనూ, మెడకు దగ్గరి తునకలనూ. ఒక్క గుమ్మడి గింజలే ఇస్తే తోక భాగమంతా పోతుంది, తల గోడకు అతుక్కుని ఉండిపోతుంది. ఆ గుండుసూది మొనంత తల మిగిలితే రెండు మూడు నెలల్లో మళ్లీ పూర్తి పురుగు.

పద్ధతి: ముందురోజు రాత్రి తేలికపాటి తిండి. పొద్దున పరగడుపున గుమ్మడి గింజల పొడి 60 నుంచి 120 గ్రాములు. రెండు గంటల తర్వాత వక్క కషాయం. చైనా ఔషధ సంహితలో వక్కకు పురుగు మోతాదు 30 నుంచి 60 గ్రాములు, మామూలు జీర్ణ సమస్యలకు 3 నుంచి 10. ఇంకో అరగంటకు మెగ్నీషియం సల్ఫేట్ లాంటి విరేచనకారి. విరేచనం రాకపోతే మొద్దుబారిన పురుగు తేరుకుని మళ్లీ పట్టుకుంటుంది, ఎక్కువసార్లు విఫలమయ్యేది ఈ మెట్టు దగ్గరే.

పురుగు సగం బయటికి వచ్చి వేలాడినప్పుడు లాగితే తెగుతుంది. గోరువెచ్చటి నీళ్ల టబ్బులో కూర్చోవాలి. చల్లగాలి తగిలితే పురుగు ముడుచుకుని లోపలికి పోతుంది, వెచ్చటి నీళ్లలో సడలి తనంత తాను జారుతుంది. మొత్తం నీళ్లలో వడకట్టి తల వెతకాలి. సన్నబడుతూ దారంలా అయిన కొసన ఉంటుంది. దొరక్కపోతే మూడు నాలుగు నెలలు మలం గమనిస్తూ, పరీక్షిస్తూ ఉండాలి.

వక్క మోతాదు మీరితే నోట్లో చొంగ, చెమటలు, నాడి మందగించడం, ఊపిరి బిగుసుకోవడం. విరుగుడు అట్రోపిన్. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ల దగ్గరికి ఈ కషాయం రానివ్వకూడదు. నా అభిప్రాయం అడిగితే నేడు చికిత్స ప్రాజిక్వాంటెల్ ఒక్క మోతాదు, కిలో బరువుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు. ఈ జంట మందు అది దొరకని కాలపు తెలివైన పరిష్కారం.

లక్షణాల సంగతి: తెల్లగుడ్డు మీద నీలి మచ్చలు, ముఖాన తెల్ల మచ్చలు, కింది పెదవి లోపల చిన్న గింజలు, ముక్కు నలుపుకోవడం, పళ్లు కొరకడం. ఇవేవీ పురుగుకు ప్రత్యేకం కావు. పురుగు ఒక్కటీ లేని పిల్లల్లో కూడా పళ్లు కొరకడం మామూలే. బొడ్డు చుట్టూ వచ్చిపోయే నొప్పి కొంత మేలైన సూచన, అంతే. మలంలో గుడ్డు చూడాలి. కేటో కాట్జ్ పద్ధతిలో 41.7 మిల్లీగ్రాముల మలం పలక మీద పరిచి, లెక్కపెట్టిన గుడ్లను 24తో గుణిస్తే గ్రాముకు ఎన్నో వస్తుంది. ఏలికపాముకు 5,000 లోపు తేలిక, 50,000 దాటితే తీవ్రం. ఆడ పురుగు రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది కాబట్టి ఒక్క ఆడది ఉన్నా సాధారణంగా దొరుకుతుంది. మగవే ఉన్నా, ఇంకా ఎదగని పురుగులైనా దొరకదు.

వనమూలిక

ఎంతో ఉపయోగపడింది. ఇంకొక్కటి. వూమెయ్ గుళికల్లో షీషిన్, ఫూజి ఉన్నాయి కదా, నేటి తయారీలో వాటి విషయంలో ఏం చూడాలి? పులుపుకు పురుగు అణగుతుంది కాబట్టి వెనిగర్‌లో నానబెట్టిన కూరలకు గుడ్లు చస్తాయని ఒక చోట చదివాను, నిజమేనా?

సూక్ష్మదర్శిని

వెనిగర్‌కు గుడ్లు చావవు. పెద్ద పురుగు కండరం వేరు, గుడ్డు పెంకు వేరు. ఆ పెంకు లోపలి కొవ్వు పొర ఆమ్లాలనూ చాలా రసాయనాలనూ లోపలికి రానివ్వదు. ప్రయోగశాలలో ఫార్మలిన్‌లో ఉంచిన గుడ్లలో కూడా పిల్ల పెరుగుతుంది. గుడ్డుకు శత్రువు వేడి. 60 డిగ్రీలు దాటితే త్వరగా చస్తుంది. చైనాలో మనుషుల మలాన్ని పొలాలకు ఎరువుగా వేసే ముందు బాగా మాగబెట్టి లోపల వేడి పుట్టేలా చేయమన్నది అందుకే. అక్కడి జాతీయ సర్వేల్లో ఏలికపాము 1988-92లో సుమారు 47 శాతం మందిలో ఉంటే, 2001-04 నాటికి సుమారు 12.7 శాతానికి దిగింది. ఆ దిగుదల వెనక మరుగుదొడ్లు, ఎరువు పద్ధతి, ఆల్బెండజోల్ ఉన్నాయి.

ఇంకో సంగతి కూడా పాఠంలో చేర్చండి. మింగిన గుడ్డు పిల్ల పేగు గోడ దాటి, రక్తంలో ఊపిరితిత్తులకు పోయి, గొంతులోకి ఎక్కి, మళ్లీ మింగబడి పేగు చేరుతుంది. మింగిన రోజు నుంచి గుడ్లు పెట్టేదాకా రెండు మూడు నెలలు. పైన చెప్పిన మూలికలన్నీ పేగులో ఉన్న పెద్ద పురుగు మీదే. దారిలో ఉన్న పిల్లలకు తగలవు. అందుకే తరిమిన రెండు మూడు నెలలకు మలం మళ్లీ చూడాలి.

కల్వం

షీషిన్, ఫూజి గురించి. షీషిన్‌లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉండే అవకాశం ఉంది. అది మూత్రపిండాలను శాశ్వతంగా దెబ్బతీస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. ఆకుల్లో ఎక్కువ, వేరులో తక్కువ. చైనా ఔషధ సంహిత 2005 నుంచి పూర్తి మొక్కను తీసేసి వేరు, దుంప మాత్రమే ఉంచింది, మోతాదు 1 నుంచి 3 గ్రాములు. కొనేటప్పుడు కట్టలో ఆకులు, ఆకుపచ్చ కాడలు కనిపిస్తే ఆ సరుకు వద్దు. కాచితే ఆ ఆమ్లం కొంతే నీళ్లలోకి వస్తుంది, గుళికలో అయితే పొడి మొత్తం కడుపులోకే పోతుంది. కాబట్టి నెలల తరబడి గుళికలు వాడే ఆలోచన మానుకోవాలి. ఈ గుళికలను దీర్ఘకాలపు విరేచనాలకు కూడా ఇస్తారు కాబట్టి ఈ జాగ్రత్త ముఖ్యం.

ఫూజి వత్సనాభి జాతి దుంప. అకొనిటిన్‌ను నీటిలో చాలాసేపు కాస్తే విడిపోయి విషం బాగా తగ్గుతుంది. కషాయంలో దీన్ని ముందుగా విడిగా 30 నుంచి 60 నిమిషాలు మరిగించి, తర్వాతే మిగతావి వేస్తారు. గుళికలో ఆ అవకాశం లేదు, కాబట్టి ముందే శుద్ధి చేసి ఆవిరి పట్టిన ఫూజి తప్ప ఇంకేదీ వేయకూడదు. పెదవులు, నాలుక తిమ్మిరెక్కితే అదే మొదటి గుర్తు. మందు ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి, గుండె లయ తప్పడం ఆ తర్వాతి మెట్టు. గర్భిణులకు ఈ గుళికలు ఇవ్వకూడదు.

విద్యార్థులతో తయారీ చూపించాలనుకుంటే ఈ రెండూ పక్కన పెట్టి వూమెయ్, వెనిగర్, శొంఠి పొడి, తేనెతో నమూనా గుళికలు చేయించండి. నానిన కాయ గింజ నుంచి వేళ్లతో నొక్కగానే జారి రావాలి. గట్టిగా పీకాల్సి వస్తే ఇంకా నానలేదని అర్థం, అప్పుడు ఆవిరి పెట్టినా గుజ్జులో పీచు ఉండలు మిగులుతాయి. దంచిన ముద్దను వేళ్ల మధ్య సాగదీసి చూడండి. తెగకుండా కొంచెం సాగి, చేతికి అంటుకోకుండా ఉంటే గుళిక కట్టడానికి సిద్ధమైనట్టు.